స్టీరింగ్ ఎక్కడ బిగుస్తోంది?

పాతబడిన కారులో స్టీరింగ్ బరువెక్కిందనగానే చాలామంది బానెట్ ఎత్తి పవర్ స్టీరింగ్ ఆయిల్ చూస్తారు. తక్కువుంటే పోస్తారు, సరిపడా ఉంటే పంపును అనుమానిస్తారు. పంపు మార్చినా బరువు తగ్గకపోతే ర్యాక్ (ముందు చక్రాలను పక్కలకు తిప్పే పళ్ల కడ్డీ) వంతు వస్తుంది. ఖరీదైన భాగాలు ఒక్కొక్కటే మారిపోతుంటాయి, అసలు అడగాల్సినవి మాత్రం ఎవరూ అడగరు. బిగుతు ఎప్పుడు వస్తోంది? స్టీరింగ్ చక్రం ఏ స్థానంలో ఉండగా వస్తోంది? ఎంత తిప్పితే మళ్లీ వస్తోంది? నా ఉద్దేశంలో ఈ మూడింటిలో చివరిదే అన్నిటికన్నా ఎక్కువ చెబుతుంది.

దానికన్నా ముందు టైర్లలో గాలి చూసేయాలి. ముందు టైర్లలో గాలి తగ్గితే నేలకు ఆనే భాగం పెరుగుతుంది, నిలబడి ఉన్న కారును తిప్పడం కష్టమవుతుంది. కారు కాస్త వేగం అందుకోగానే ఆ బరువు చాలావరకు పోతుంది.

ఇక మూడో ప్రశ్న. స్టీరింగ్ చక్రం నుంచి కింద ఉన్న ర్యాక్ దాకా ఒకే కడ్డీ తిన్నగా వెళ్లదు. దారిలో ఇంజన్, పెడళ్లు అడ్డం ఉంటాయి కాబట్టి వంపులు తిరిగి వెళ్లాలి. ఆ వంపుల దగ్గర యూనివర్సల్ జాయింట్లు ఉంటాయి. రెండు ఇనుప చీలికల మధ్య కూడిక గుర్తు ఆకారంలో ఒక చిన్న క్రాస్, దాని నాలుగు కొనలకూ సన్నని నీడిల్ బేరింగులు. రాబర్ట్ హుక్ 1676లోనే సూర్యుణ్ని పరిశీలించే పరికరాల గురించి రాస్తూ ఇలాంటి జాయింట్‌ను వర్ణించాడు. దీనికి ఒక విచిత్రమైన స్వభావం ఉంది. వంపులో ఉన్న జాయింట్‌కు ఇటువైపు కడ్డీని ఒకే వేగంతో తిప్పినా, అటువైపు కడ్డీ ఒకే వేగంతో తిరగదు. ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పుంజుకుంటుంది, రెండుసార్లు మందగిస్తుంది. వంపు 30 డిగ్రీలైతే ఆ వేగం 0.87 రెట్లకూ 1.15 రెట్లకూ మధ్య మారుతూ ఉంటుంది. వేగం పెరిగిన చోట చేతికి బరువు తెలుస్తుంది, తగ్గిన చోట తేలికవుతుంది. అందుకే సాధారణంగా రెండు జాయింట్లు పెట్టి, ఒకదాని తేడాను రెండోది సరిదిద్దేలా అమరుస్తారు. షాఫ్ట్ (జాయింట్లతో కూడిన ఈ కడ్డీ) విప్పేటప్పుడు గుర్తులు పెట్టుకోకుండా, మళ్లీ వేరే స్థానంలో బిగిస్తే ఆ అమరిక చెడిపోతుంది. భాగాలన్నీ కొత్తవే అయినా స్టీరింగ్ ఒకచోట తేలికగా, ఒకచోట బరువుగా తిరుగుతుంది.

ఏళ్ల తరబడి నీళ్లు, బురద, ఇంజన్ వేడి తగిలి గ్రీజు ఎండిపోతే బేరింగులు తుప్పుపట్టి క్రాస్ బిగుసుకుంటుంది. అప్పుడు బిగుతు సగం చుట్టుకోసారి, అంటే సుమారు 180 డిగ్రీలకోసారి వస్తుంది. స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పుతూ, బరువనిపించిన ప్రతిచోటా చక్రం మీద టేపు ముక్క అంటించండి. ముక్కలు ఎదురెదురుగా రెండు చోట్ల పోగుపడితే మొదటి అనుమానం జాయింట్ మీదే. ఇంజన్ ఆపి, ఇంకొకరిని చక్రం తిప్పమని జాయింట్ వైపు చూస్తే, బిగిసిన చోట షాఫ్ట్ పక్కకు తన్నినట్టు కదులుతుంది. క్రాస్ చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కూడా కనిపించవచ్చు. తాళం తీసేస్తే స్టీరింగ్ లాక్ పడుతుంది కాబట్టి తాళం అందులోనే ఉండాలి.

బిగుతు ఇలా తిరిగి తిరిగి రాకుండా అంతటా ఒకేలా ఉంటే విభజించి చూడటమే మంచి దారి. వెనక చక్రాలకు అడ్డుపెట్టి, ముందు భాగాన్ని ఎత్తి గట్టి స్టాండ్ల మీద నిలపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి ఎప్పుడూ దూరకూడదు. ఇప్పుడు టై రాడ్ ఎండ్లను (ర్యాక్‌ను చక్రాలతో కలిపే కడ్డీల కొనలను) రెండు వైపులా విడదీసి ఒక్కో చక్రాన్నీ చేత్తో తిప్పాలి. చక్రం దగ్గరే బిగుతు తెలిస్తే అది చక్రాన్ని పక్కలకు తిరగనిచ్చే గుండు కీలు, అంటే బాల్ జాయింట్‌దో, సస్పెన్షన్ స్ట్రట్ (స్ప్రింగ్ ఉండే నిలువు కాలు) పైన ఉండే బేరింగ్‌దో అవుతుంది. ఆ బేరింగ్ పట్టేస్తే స్ప్రింగ్ మెలిపడి టంగుమని శబ్దం వస్తుంది, మలుపు దాటాక స్టీరింగ్ దానంతటది మధ్యకు రాదు. చక్రాలు తేలికగా తిరిగితే తేడా పైభాగంలో ఉంది. ర్యాక్ దగ్గర షాఫ్ట్ విడదీసి చూస్తే అది ర్యాక్‌దా, స్టీరింగ్ చక్రం కింద ఉండే కాలమ్‌దా తేలిపోతుంది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే చక్రాలను తిన్నగా పెట్టి, స్టీరింగ్‌ను కదలకుండా కట్టాకే షాఫ్ట్ విప్పాలి. లేకపోతే స్టీరింగ్ చక్రం విచ్చలవిడిగా తిరిగి, ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించే లోపలి తీగచుట్ట తెగిపోతుంది.

ర్యాక్‌లో మనుషులు తెచ్చిపెట్టే జబ్బు కూడా ఒకటుంది. ఎక్కువ ప్రయాణం తిన్నగానే సాగుతుంది కాబట్టి ర్యాక్ పళ్లు మధ్యలో ఎక్కువ అరుగుతాయి. అక్కడి లొడలొడ పోవాలని సర్దుబాటు నట్టును బిగించేస్తే, అరగని పక్కభాగాల్లో పళ్లు పట్టేసుకుంటాయి. మధ్యలో హాయిగా ఉండి పక్కలకు తిప్పగానే బరువెక్కే స్టీరింగ్ కనిపిస్తే, ఆ నట్టును ఈమధ్య ఎవరైనా ముట్టుకున్నారా అని అడగాలి.

హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ లోపాల తీరు వేరు. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు బరువుగా ఉండి, యాక్సిలరేటర్ తొక్కగానే తేలికైతే పంపు అరిగిందో, బెల్ట్ జారుతోందో చూడాలి. ఆయిల్‌లో నురుగుంటే పంపు ఎక్కడో గాలి పీలుస్తోంది. ఒక్క వైపుకే బరువుగా ఉంటే ఆయిల్‌ను కుడికో ఎడమకో మళ్లించే కంట్రోల్ వాల్వ్ గానీ ర్యాక్ లోపలి సీల్ గానీ అయ్యుండొచ్చు, ఎందుకంటే పంపు రెండు వైపులకూ ఒకటే. పరీక్షించేటప్పుడు స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి పట్టుకుని ఉండకూడదు. అక్కడ ఒత్తిడి గరిష్ఠానికి చేరి, క్షణాల్లోనే ఆయిల్ వేడెక్కుతుంది.

బిగుసుకున్న జాయింట్ ఉన్నట్టుండి వదులైతే బాగుపడిందని సంతోషించకండి. బేరింగులు నలిగిపోయి ఉండొచ్చు. స్టీరింగ్ చక్రం కదిలించినా షాఫ్ట్ వెంటనే కదలకుండా లూజుగా ఆడుతుంటే, ఆ కారును నడుపుకుంటూ కాక వేరే వాహనం మీద ఎక్కించి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.