ఉద్యోగం వదిలి బడికి: బీఎడ్ దారి ఇరుకైన తీరు

హనుమకొండలో బ్యాంకులోనో, మడికొండ ఐటీ పార్కులోనో పనిచేస్తూ టీచరుగా మారాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఒకటే: బీఎడ్ దూరవిద్యలో చేయొచ్చా అని. కుదరదు. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1990ల చివర్లో ఊళ్లో చదువుకున్న యువతను విద్యా వాలంటీర్లుగా బడుల్లోకి తీసుకున్నారు. ఆ తర్వాత నిబంధనలు బిగుసుకుంటూ వచ్చాయి. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. అదే ఏడు ఆగస్టు 23న ఎన్‌సీటీఈ (టీచర్ల శిక్షణకు నిబంధనలు పెట్టే జాతీయ మండలి) ఎనిమిదో తరగతి దాకా చెప్పేవాళ్లకు శిక్షణతోపాటు టెట్‌నూ (టీచరు అర్హత పరీక్ష) తప్పనిసరి చేసింది. 2014 నిబంధనలతో ఏడాది బీఎడ్ రెండేళ్లయింది. అవే నిబంధనలు 55 శాతం మార్కులున్న ఇంజినీర్లకు తలుపు తీశాయి. దూరవిద్యను మాత్రం శిక్షణ పొంది పనిచేస్తున్న ప్రాథమిక టీచర్లకు, డీఎడ్ (ప్రాథమిక టీచర్ల శిక్షణ డిప్లొమా) లాంటిది రెగ్యులర్‌గా పూర్తిచేసినవాళ్లకు పరిమితం చేశాయి.

2018లో బీఎడ్ వాళ్లను ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) పోస్టులకూ అనుమతించారు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అంటే ఒకటి నుంచి ఐదు తరగతులకు డీఎడ్ చేయాల్సిందే.

అసలు చిక్కు బీఎడ్ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌లో లేదు, హాజరులో ఉంది. తరగతులకు 80 శాతం, బడిలో ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం ఉండాలి. రెండో ఏడాది ఇంటర్న్‌షిప్ 16 వారాలు. ఆదివారాలు పోను 96 రోజులు, అందులో తొమ్మిదికి మించి మానలేరు. ఉద్యోగం చేసుకుంటూ నెట్టుకురావచ్చని చేరినవాళ్లు ఇక్కడే ఆగిపోతారు.

అలాగని ఈ శిక్షణ దండగ కాదు. సగం (1/2) పెద్దదా, పావు (1/4) పెద్దదా అంటే పావే అంటారు చాలామంది పిల్లలు, రెండు కన్నా నాలుగు పెద్దది కాబట్టి. లెక్కలో ఆరితేరిన ఇంజినీరుకు ఈ పొరపాటు తట్టనే తట్టదు. జొన్నరొట్టె తుంచి చూపిస్తే పిల్లలకు క్షణంలో అర్థమవుతుంది. ఆ ఒడుపు బడిలో నిలబడితేనే అబ్బుతుంది.

స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్లో సబ్జెక్టు టీచరు) పోస్టుకు డిగ్రీ సబ్జెక్టు, బీఎడ్ మెథడాలజీ (బోధన పద్ధతులు నేర్చుకున్న సబ్జెక్టు) రెండూ కలవాలి. సీటు ఖాయం చేసుకునే ముందే పాత డీఎస్సీ (టీచరు పోస్టుల నియామక పరీక్ష) నోటిఫికేషన్‌తో సరిచూసుకోవాలి. తేడా ఉంటే సర్టిఫికెట్ల పరిశీలనలో బయటపడుతుంది, అప్పటికి రెండేళ్లు పోతాయి. 2024 డీఎస్సీలో గరిష్ఠ వయసు 46 ఏళ్లు. నలభై దాటాక బీఎడ్‌లో చేరేవాళ్లకు ఒకటి రెండు నోటిఫికేషన్లే చేతికందుతాయి.