కొత్త రచయితల ఈమెయిల్ న్యూస్‌లెటర్: అపోహలు, వాస్తవాలు

తిరుపతి బాలాజీ కాలనీలోని మా గదికి న్యూస్‌లెటర్, అంటే పాఠకులకు ఈమెయిల్‌లో సంచికలుగా పంపే ఉత్తరం, పెట్టించుకోవడానికి వచ్చే రచయితల్లో చాలామంది చేతిలో ముందే ఒక ఈమెయిల్ చిరునామాల పట్టిక ఉంటుంది. సాహిత్య సభల సంతకాల పుస్తకం నుంచి ఎక్కించుకున్నవి, పూర్వ విద్యార్థుల బృందంలో ఏరుకున్నవి, చివరికి డబ్బిచ్చి కొన్నవి కూడా అందులో ఉంటాయి. పోయిన నెలలో ఇలాంటి పట్టికలు మూడు చూశాను కనుక విసుగు దాచుకోకుండానే రాస్తున్నాను.

అపోహ: ఎంతమందికి పంపితే అంతమంది పాఠకులు.

వాస్తవం: అడగనివారికి పంపే ఉత్తరాల వల్ల, అడిగినవారికి పంపే ఉత్తరాలు కూడా చేరకుండా పోతాయి. మీరెవరో గుర్తురాని మనిషి స్పామ్ (అక్కర్లేని ఉత్తరం) అని ఒక్క నొక్కు నొక్కితే ఆ ఫిర్యాదు మీ పంపే చిరునామా ఖాతాలో పడుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ అమలు చేస్తున్న నిబంధనల ప్రకారం ఫిర్యాదుల శాతం 0.3కు చేరకూడదు, అంటే వెయ్యిమందిలో ముగ్గురు విసుక్కున్నా గీత తాకినట్టే. కొన్న పట్టికల్లో మూతపడిన చిరునామాలు కూడా ఉంటాయి. వాటినుంచి తిరిగొచ్చే ఉత్తరాలు ఆ చెడ్డపేరును ఇంకా పెంచుతాయి.

చిత్తూరు నుంచి వచ్చిన ఒక విశ్రాంత అయ్యవారు మామిడితోటల కాపలాదారుల మీద చక్కటి కథలు రాస్తారు. ఆయన మొదటి సంచికను సొంత జీమెయిల్ నుంచే, బీసీసీలో (ఒకరి చిరునామా ఇంకొకరికి కనిపించని గడిలో) 640 చిరునామాలు పెట్టి పంపబోయారు. ఉచిత జీమెయిల్ ఖాతాకు రోజుకు 500 మంది పరిమితి ఉంది కాబట్టి ఖాతా ఆగిపోయింది. ఆ తర్వాత రెండు రోజుల్లో రెండు భాగాలుగా పంపగా, వారం తిరగకముందే బెంగళూరులోని సొంత చెల్లెలి కూతురికి రాసిన ఉత్తరం కూడా స్పామ్‌లో పడింది. "నేనేమన్నా అప్పు అడిగినానా నాయనా, కథే గదా పంపించినాను?" అని ఆయన అడిగినప్పుడు నాకు నవ్వు రాలేదు, జాలి కలిగింది. ఆ పట్టికను పక్కనపెట్టి, చేరదలచినవారే చిరునామా ఇచ్చి, ఆపైన వచ్చే మెయిల్‌లోని లింకు నొక్కి ధ్రువీకరించేలా ఒక ఫారం పెట్టాము. 41 మంది చేరారు. వారిలో కొందరు ప్రతి సంచికకూ జవాబు రాస్తున్నారు. 640 మందిలో ఒక్కరూ రాయలేదు.

మిగతా అపోహలకు ఇంత చోటు అక్కర్లేదు. సొంత డొమైన్ (ఈమెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చే పేరు) లేనిదే మొదలుపెట్టకూడదన్నది నిజం కాదు. న్యూస్‌లెటర్లు పంపిపెట్టే సబ్‌స్టాక్ అనే వేదిక తన డొమైన్ నుంచే పంపుతుంది, ఉచిత సంచికలకు రుసుము తీసుకోదు, చందా డబ్బులో మాత్రం 10 శాతం తీసుకుంటుంది. సొంత డొమైన్ వాడేవారు ఉత్తరం నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు పెట్టి తీరాలి. మెయిలింగ్ సేవ ద్వారా పంపుతూ పంపేవారి గడిలో జీమెయిల్ చిరునామా రాయకండి. ఓపెన్ రేటు (ఉత్తరం తెరిచినవారి శాతం) చూసి పొంగిపోవడమూ కుంగిపోవడమూ అనవసరం, ఎందుకంటే 2021లో ఆపిల్ తెచ్చిన గోప్యతా సదుపాయం ఉత్తరం చదవకపోయినా దానిలోని బొమ్మలను ముందే దింపుకుంటుంది, దాంతో తెరవని ఉత్తరమూ తెరిచినట్టే లెక్కలో పడుతుంది.

అన్‌సబ్‌స్క్రైబ్ (ఇక పంపవద్దని చెప్పే) లింకు కనిపిస్తే అందరూ వెళ్ళిపోతారన్న భయం మాత్రం అర్థం చేసుకోదగినదే. కాని బయటికి దారి దొరకని పాఠకుడు స్పామ్ నొక్కుతాడు, దాని ఫలితం పైన చెప్పినదే. ఇందులో తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. సుమారు 102 కిలోబైట్లు దాటిన ఉత్తరాన్ని జీమెయిల్ మధ్యలోనే కత్తిరించి చూపుతుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ పడితే తెలుగులో 'క'కు మూడు, 'కా'కు ఆరు పడతాయి. పెద్ద కథ పంపితే అడుగున ఉన్న లింకు ఆ కత్తిరింపులో మరుగైపోతుంది. అందుకే అయ్యవారి సంచికలో ఆ లింకును పైన, కథ పేరు కిందనే పెట్టించాను.