బీఎంఐ: జనాభా లెక్క మనిషి మెడకెలా పడింది?

మోకాలి నొప్పికి వెళ్లినా, తలనొప్పికి వెళ్లినా లావుగా ఉన్నవాళ్లకు డాక్టరు నోట తరచూ వినిపించే మాట ‘ముందు బరువు తగ్గండి’. ఆ మాటకు దన్నుగా నిలిచేది బీఎంఐ, అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె. దాన్ని కనిపెట్టినాయన అసలు డాక్టరే కాదు.

బెల్జియం వాడైన అడోల్ఫ్ కెట్లే ఖగోళం, గణాంకాలు చదివినవాడు. సగటు మనిషిని లెక్కల్లో పట్టుకోవాలని ఆయన తపన. ఎదిగినవాళ్లలో బరువు దాదాపుగా ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుందని 1830లలో తేల్చాడు. ఎవరికి ఏ జబ్బుందో చెప్పడం ఆ లెక్క పని కాదు.

తర్వాత బీమా కంపెనీలు దిగాయి. ఎవరు ఎన్నాళ్లు బతుకుతారన్నది వాళ్లకు డబ్బు సంగతి కదా! అమెరికాలో మెట్రోపాలిటన్ లైఫ్ 1940లలో ఎత్తుకు తగ్గ ‘ఆదర్శ’ బరువుల పట్టికలు ప్రకటించింది. పాలసీ కొన్నవాళ్ల లెక్క అందరికీ కొలబద్ద అయి కూర్చుంది. 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ బృందం కెట్లే సూత్రానికే ‘బాడీ మాస్ ఇండెక్స్’ అని పేరు పెట్టింది. వాళ్లు పరిశీలించిన ఏడు వేల పైచిలుకు మందిలో ఒక్క ఆడమనిషి కూడా లేదు.

1998లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ అధిక బరువు గీతను 27 పైనుంచి 25కి దించింది. ఒక్క గ్రాము పెరగకుండానే దాదాపు 2.9 కోట్ల మంది రాత్రికి రాత్రే ‘లావు’ అయిపోయారు. మనకు ఆ గీత ఇంకా కిందే, 23. దక్షిణాసియా వాళ్లకు తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి షుగర్ వస్తుంది మరి. సన్నగా ఉన్నాడు కదా అని పరీక్ష చేయించనివాడు ఇక్కడే దెబ్బతింటాడు. లావు మీద చిన్నచూపు సన్నవాళ్లకూ చేటే.

ఎదురు తిరిగినవాళ్లూ ఉన్నారు. 1967లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో సుమారు 500 మంది చేరి డైటింగ్ పుస్తకాలు తగలబెట్టారు. 1976లో మిషిగన్ రాష్ట్రం బరువును బట్టి ఉద్యోగంలో వివక్ష చూపడాన్ని నిషేధించింది. న్యూయార్క్ నగరం అలాంటి చట్టం చేసేసరికి 2023 వచ్చింది. ఒక్క బీఎంఐతోనే ఊబకాయమని తేల్చొద్దని వైద్య పత్రిక లాన్సెట్ వేసిన నిపుణుల కమిషన్ 2025 జనవరిలో చెప్పింది.

మన దేశంలో? విమాన క్యాబిన్ సిబ్బందికి 2014లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టిన బీఎంఐ నిబంధన చూడండి. మగవాళ్లు 25 దాకా మామూలే. ఆడవాళ్లకు మాత్రం 22 దాటితే అధిక బరువు.