మనోనిబ్బరం గురించి అపోహలు - వాస్తవాలు

అపోహ: గుండె నిబ్బరం పుట్టుకతో రావాల్సిందే.

వాస్తవం: స్వభావం పాత్ర కొంత ఉంది, కాదనను. అయితే హవాయిలోని కవాయ్ దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ అనే పరిశోధకులు దశాబ్దాల పాటు గమనించారు. రెండేళ్లు నిండేలోపే పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల మానసిక జబ్బు లాంటి కష్టాలు కనీసం నాలుగు మీదపడ్డ పిల్లల్లో సుమారు మూడో వంతు మంది చక్కగా ఎదిగారు. ఓర్పుగా చూసుకునే పెద్దలు ఒక్కరైనా వాళ్లకు దొరకడం ఇందుకు ఒక ముఖ్య కారణం. ఆ మనిషి కన్నవాళ్లే కానక్కర్లేదు. తాతయ్యో, టీచరో కావచ్చు. టీనేజీలో దారి తప్పినవాళ్లలోనూ చాలామంది ముప్పై, నలభై ఏళ్లకి కుదుటపడ్డారు. అందుకే సలహా కోసం నా దగ్గరికొచ్చిన వాళ్లను నేను మొదట అడిగేది, "అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తేదెవరు?" అని.

అపోహ: ధైర్యవంతులు ఏడవరు.

వాస్తవం: "బాగానే ఉన్నానండీ" అంటూ చేతిలో కర్చీఫ్‌ను మెలిపెడుతూ కూర్చునేవాళ్లు ఎందరో. బాధ ముఖంలో కనబడకుండా బిగబడితే శరీరంలో ఒత్తిడి తగ్గదని, కొన్ని కొలతల్లో పెరుగుతుందని కూడా మనస్తత్వవేత్త జేమ్స్ గ్రాస్ ప్రయోగాల్లో తేలింది. అలాగని మీటింగ్‌లో ఆపుకుని, ఇంటికెళ్లి ఏడవడం తప్పేమీ కాదు. సందర్భాన్ని బట్టి ఆపుకోగలగడం, బయటపెట్టగలగడం రెండూ కావాలి.

అపోహ: పాజిటివ్‌గా ఆలోచిస్తే చాలు.

వాస్తవం: మార్చలేని విషయంలో ఆలోచనా తీరు మార్చుకోవడం నిజంగా మేలు చేస్తుంది. మార్చగలిగిన చోట మాత్రం పని చేయాలి. ఉద్యోగం పోయిన మనిషికి "అంతా మన మంచికే" అని చెప్పడం నాకు చేతకాదు. రేపు పదకొండింటిలోపు చేయగలిగిన పని ఒక్కటి చెప్పమంటాను. "పాత రెజ్యూమెలో తేదీలు సరిచేస్తా" అన్నా చాలు. 'నా వల్ల అవుతుంది' అనే నమ్మకం చాలావరకు ఇలా చేసి చూసిన పనుల్లోంచే పుడుతుందని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా ఏనాడో చెప్పారు.

అపోహ: ప్రమాదం జరిగిన వెంటనే బాధితులతో అంతా చెప్పించేయాలి.

వాస్తవం: వద్దు. అందరితో బలవంతంగా ఒక్క సిటింగ్‌లో చెప్పించడం వల్ల పీటీఎస్డీ (ఘోరమైన అనుభవం తర్వాత వెంటాడే మానసిక సమస్య) రాకుండా ఆగుతుందనడానికి ఆధారాలు లేవు. కొందరికి అది కీడు చేయొచ్చు కూడా. ముందు భద్రత, నిద్ర, తోడు చూడండి. వాళ్లంతట వాళ్లు మాట్లాడితే వినండి.

అపోహ: కష్టాలు ఎన్ని పడితే అంత రాటుదేలతాం.

వాస్తవం: కొద్దిపాటి కష్టం, దానికి తోడు ఆసరా ఉంటే తట్టుకోవడం నేర్పొచ్చు. ఊపిరాడనివ్వకుండా వచ్చిపడేవి మనిషిని అరగదీస్తాయి. ఈ అపోహ ఆఫీసులకు భలే అనుకూలం: ముగ్గురి పని ఒకరి నెత్తిన పెట్టి, ఆ ఒక్కరినే 'టెన్షన్ తట్టుకునే శిక్షణ'కు పంపుతుంటారు. అలా వచ్చినవాళ్లకు శ్వాస వ్యాయామం నేర్పేముందు, పనిలో ఏది తగ్గించమని అడగొచ్చో ఇద్దరం కూర్చుని రాసుకుంటాం.