బీరు సీసా: తేదీ చూడాలి, తిన్న ఎండనూ చూడాలి

నెల్లూరు చేపల పులుసు మర్నాటికి ఇంకా రుచికొస్తుంది. బీరుకి ఆ గుణం లేదు. మామూలు లాగర్ (మన షాపుల్లో ఎక్కువగా దొరికే లేతరంగు బీరు) ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎంత బాగుంటుందో, మళ్లీ అంత బాగుండదు. అయినా వైన్‌షాపు కౌంటర్ దగ్గర ముందుగా అడిగేది "కూలింగ్ ఉందా?" అనే. ముందు అడగాల్సింది తయారీ తేదీ.

సీసాకైతే లేబుల్ మీద, టిన్నుకైతే ఎక్కువగా అడుగున, బ్యాచ్ నంబర్ పక్కనే ఆ తేదీ ఉంటుంది. మన దగ్గర చాలా బ్రాండ్లు 6 నెలల గడువు వేస్తాయి. ఆ 6 నెలలూ రుచి ఒకేలా ఉంటుందని దానర్థం కాదు. 2 నెలల లోపుది దొరికితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. 4 దాటిందంటే, అందులోనూ ఎండాకాలమైతే, ఇంకో బ్యాచ్ చూపించమనండి.

బీరుని ముసలిదాన్ని చేసేది మూత కింద మిగిలిపోయిన కాస్త ఆక్సిజన్. దానివల్ల తేలే పదార్థాల్లో ట్రాన్స్-2-నోనెనాల్ ఒకటి. తడిసిన అట్టపెట్టె వాసన దానిదే. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఈ చర్యల వేగం రెండు మూడు రెట్లవుతుంది. బీరు తయారీదారులు చెప్పుకునే ఉజ్జాయింపు లెక్క ఒకటుంది: 3 డిగ్రీల దగ్గర 300 రోజులు, 22 దగ్గర 30 రోజులు, 32 దగ్గర 3 రోజులు. మూడు చోట్లా రుచి దాదాపు ఒకేలా దెబ్బతింటుందట. అలాంటిది రోహిణి కార్తెలో కావలిలోనో ఒంగోలులోనో పగలు 40 దాటుతుంటే, రేకుల షెడ్డులో పేర్చిన కేసుల గతి ఏమవుతుంది? చల్లగా దాచిన 4 నెలల సీసా కంటే అక్కడ మగ్గిన 2 నెలల సీసాయే అధ్వానం. అందుకే రోజూ కేసులు ఖాళీ అయ్యే షాపులో, బాగా అమ్ముడుపోయే బ్రాండే మేలు. షటర్ పక్కన ఎండ తగిలే కేసు వద్దనండి.

వెలుతురు చేసే చెడుపు వేరు. అది బీరులో వేసే హాప్స్ అనే పూల చేదు పదార్థాలను విరగ్గొట్టి ఒక గంధకపు సమ్మేళనాన్ని పుట్టిస్తుంది. లక్ష కోట్ల భాగాల్లో కొన్ని ఉన్నా చాలు, కాలిన రబ్బరులాంటి కంపు ముక్కుకు తెలిసిపోతుంది. గోధుమరంగు గాజు ఆ కిరణాలను చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చది కొంతే ఆపుతుంది, తెల్లగాజు దాదాపు ఆపదు. టిన్నుకి ఈ బెడదే లేదు.

ఇక సీసాను చేతిలోకి తీసుకోండి. మెడలో బీరు మట్టం పక్క సీసాలతో సమానంగా ఉండాలి. తగ్గిందంటే మూత కారుతోందేమో. మూత అంచున తుప్పు, జిగురు ఉంటే వదిలేయండి. నిదానంగా తలకిందులు చేసి దీపానికెదురుగా పట్టండి. మామూలు లాగర్‌లో పెరుగు విరిగినట్టు తునకలు తేలితే అది పాతదో, వేడి తిన్నదో. గోధుమలతో చేసే వీట్ బీరు మాత్రం చాలావరకు పుట్టుకతోనే మబ్బుగా ఉంటుంది, దాన్ని తప్పుపట్టొద్దు.

చల్లబడ్డ సీసా మళ్లీ వేడెక్కితే వెంటనే పాడైపోతుందన్నది అపోహే. చెడగొట్టేది ఎంతసేపు వేడిలో ఉందన్నది. అద్దాల ఫ్రిజ్‌లో ట్యూబులైటు పక్కన వరసలో నిలబెట్టిన ఆకుపచ్చ సీసాకంటే వెనక వరసలోది తీయమనండి.