బబుల్ దగ్గర మునిగేది మధ్య స్టాకే: టోర్నమెంట్ పోకర్‌లో అపోహలు, వాస్తవాలు

"అన్నయ్యా, ఇరవై బ్లైండ్లున్నాయి. ఇంకొక్కడు ఎగిరితే డబ్బులే. సేఫే కదా?"

భీమవరం కుర్రాడైనా అమలాపురం కుర్రాడైనా టోర్నమెంట్ బ్రేక్‌లో ఫోన్ చేసి అడిగేది ఇదే. బ్లైండంటే ముక్కలు పంచకముందే వంతులవారీగా కట్టాల్సిన పందెం. మన దగ్గరున్న చిప్స్‌ని, అంటే స్టాక్‌ని, కొలిచేది దానితోనే. ఆదివారాలు నా దగ్గరికి పోకర్ లెక్కలు నేర్చుకోడానికొచ్చే వాళ్ళలో ఎక్కువమంది రమ్మీ ఆడి వచ్చినవాళ్ళు. నా దగ్గర ఆటకి డబ్బుల్లేవు, ఉత్త ప్లాస్టిక్ చిప్సే. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవడంలో వీళ్ళకి వంక పెట్టలేం. ప్రైజుల గీత దగ్గరికి, అంటే ఇంకొక్కడు అవుటైతే మిగతావాళ్ళందరికీ ప్రైజు ఖాయమయ్యే 'బబుల్' దగ్గరికొచ్చేసరికి మాత్రం బోర్లా పడతారు. కారణం ఎప్పుడూ ఒక్కటే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: బబుల్ దగ్గర భయపడాల్సింది షార్ట్ స్టాక్ (తక్కువ చిప్స్) వాడు. మధ్యలో ఉన్నవాడికి ఢోకా లేదు.

వాస్తవం దీనికి తలకిందులు. ఒకటిన్నర బ్లైండ్ మిగిలినవాడికి పోయేదేముంది? వాడి స్టాక్‌కి విలువ అంతంతమాత్రమే. ఇరవై బ్లైండ్లున్నవాడికి మాత్రం చేతిలో నిజంగా డబ్బుంది, అది ఒక్క కాల్‌తో, అంటే ఎదుటివాడి పందేనికి సరేనని సమానంగా కట్టడంతో, సున్నా అయిపోవచ్చు. 101 పూల్ రమ్మీ ఆడినవాళ్ళకి ఇది తెలిసిన సంగతే. 80 దాటి కంపల్సరీలో పడ్డవాడు డ్రాప్ చేస్తే అవుటే, ఆడక తప్పదు. వాడు అవుటయ్యేదాకా నలభై మీదున్నవాడు చెత్త చేతులన్నీ డ్రాప్ చేసుకుంటూ పోతాడు. ఎవరూ చెప్పక్కర్లేదు. అదే మనిషి పోకర్ టేబుల్ ఎక్కగానే ఆ తెలివి ఇంటి దగ్గర వదిలేసి వస్తాడు.

లెక్కలో చూడండి. నలుగురు మిగిలారు, ప్రైజులు ముగ్గురికి: 50,000, 30,000, 20,000. నలుగురి దగ్గరా సమానంగా చిప్స్. అంటే ఒక్కొక్కరి వాటా 25,000. ఇద్దరు ఆల్-ఇన్ అయ్యారు, అంటే ఉన్న చిప్స్ అన్నీ పెట్టేశారు. గెలిచినవాడి చిప్స్ రెట్టింపయ్యాయి. డబ్బు? ఐసీఎం (చిప్స్‌ని ప్రైజు డబ్బుగా మార్చి చూసే లెక్క) ప్రకారం 38,333 మాత్రమే, 50,000 కాదు. మిగతా 11,667 ఎటు పోయింది? ముక్కలు ముట్టుకోకుండా కూర్చున్న ఇద్దరికీ చెరో 5,833 చొప్పున వెళ్ళింది. అంటే ఆ కాల్ చేయాలంటే 50 శాతం గెలుపు చాలదు, 65 శాతం కావాలి (బ్లైండ్లు పక్కనపెడితే). ఎదుటివాడు ముక్కలు చూడకుండా షవ్ చేసినా (చిప్స్ అన్నీ ముందుకు నెట్టినా) సరే, రంగులు కలవని ఏస్-కింగ్‌కి వచ్చేది దాదాపు ఆ 65 శాతమే. లాభం లేదు, నష్టం లేదు.

ఇప్పుడు అదే టేబుల్‌లో స్టాకులు మారుద్దాం. పెద్దాయన దగ్గర మొత్తం చిప్స్‌లో 50 శాతం, మీ దగ్గర 25, ఇంకొకరి దగ్గర 20, చివరాయన దగ్గర 5. పెద్దాయన షవ్ చేశాడు. మీరు పడేస్తే మీ వాటా సుమారు 28,700. కాల్ చేసి గెలిస్తే సుమారు 37,600. ఓడితే సున్నా. కావాల్సిన గెలుపు 76 శాతం! పదుల జతకి కూడా ఏ రెండు ముక్కల మీదైనా సగటున వచ్చేది 75 శాతమే. ఆ 5 శాతం చిప్స్ ఉన్నాయన టేబుల్‌లో ఉండటమే దీనికంతటికీ కారణం. ఆయన పోయేదాకా మీరు కదలక్కర్లేదు. మనవాళ్ళు ఆయన్ని చూసి అయ్యో పాపం అనుకుంటూ, మధ్య స్టాక్ పట్టుకుని పెద్ద స్టాక్ మీదికి వెళతారు.

పెద్ద టోర్నమెంట్‌లో మొదటి ప్రైజు గీత దగ్గర ఈ శాతాలు ఇంత ఘోరంగా ఉండవు. దిక్కు మాత్రం ఇదే.

పాలకొల్లు వైపు కుర్రాడొకడున్నాడు, రొయ్యల చెరువులు చూసుకుంటాడు. రాజమండ్రిలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి గోవా వెళ్ళాడు. మాండవి నది మీద క్యాసినో ఓడలో ఆట. 18 మందికి ప్రైజులు, 19 మంది మిగిలారు. హ్యాండ్-ఫర్-హ్యాండ్, అంటే అన్ని టేబుళ్ళూ ఒక్కో చెయ్యి కలిసి ఆడటం, నడుస్తోంది. పక్క టేబుల్‌లో ఒకాయన ముందు ఒకటిన్నర బ్లైండ్, వచ్చే చేతికి బిగ్ బ్లైండ్ ఆయనే కట్టాలి. మనవాడు లేచెళ్ళి అది చూసి మరీ వచ్చాడు. తనకి పడింది ఏస్-టెన్, రెండూ ఇస్పేటే. బటన్ మీద, అంటే పంపకం వంతు సీట్లో, ఉన్న చిప్ లీడర్ ఆల్-ఇన్ అన్నాడు. వీడు చిప్స్‌ని రెండు దొంతర్లు చేశాడు, మళ్ళీ ఒకటి చేశాడు, కాల్ అన్నాడు. అవతలివాడు తిప్పింది క్వీన్-నైన్. మనవాడే ముందున్నాడు. టర్న్ మీద, అంటే టేబుల్ మీద తెరిచే నాలుగో ముక్కగా, తొమ్మిది పడింది. మనవాడు అవుట్, మిగతావాళ్ళందరూ చప్పట్లు కొట్టుకున్నారు. తర్వాతి చేతికి పక్క టేబుల్ ఆయన కూడా పోయాడు, కానీ ప్రైజుతో.

ఒడ్డుకి తెచ్చే పడవలోంచే ఫోన్. "నేనే ముందున్నాను కదన్నయ్యా, నా ఖర్మ." ఖర్మేం కాదు. ముక్కలు తిప్పాక ఎవరు ముందున్నారన్నది లెక్క కాదు. ఆ బటన్ వాడు షవ్ చేసే చేతులన్నిటి మీదా కలిపి చూస్తే ఏస్-టెన్ సగానికి కాస్త పైన ఉంటుందంతే. అక్కడ కావాల్సింది అంతకంటే బాగా ఎక్కువ. వాడి గొంతులో వణుకు విని ఆ రాత్రికి ఇవేవీ చెప్పలేదు, ముందు భోజనం చెయ్యమన్నాను. వారం తర్వాత చిప్స్ ముందేసుకుని ఇదంతా మళ్ళీ ఆడించాను.

"అయితే అన్నీ పడేసి కూర్చోమంటారా?" అని వెంటనే అడుగుతారు. కాదండీ బాబూ! కాల్ వేరు, షవ్ వేరు. షవ్ చేస్తే ఎదుటివాడు పడేసి, ముందే కట్టిన బ్లైండ్లూ యాంటీలూ ఊరికే రావచ్చు. కాల్‌కి ఆ దారి లేదు, గెలిచి తీరాలి. మీ లాంటి మధ్య స్టాకులు బ్లైండ్లలో ఉండి, మీకంటే ముందు ఎవరూ కదపకపోతే, ఏస్-టెన్‌తో కాదు, అంతకంటే తక్కువ చేతులతోనూ షవ్ చేయొచ్చు. వాళ్ళకీ ఇదే 65 శాతం బెడద ఉంది. అదే మీరే పెద్ద స్టాకైతే ఒకటిన్నర బ్లైండ్ వాడి జోలికి పోకండి, వాడు ఏ ముక్కలతోనైనా కాల్ చేస్తాడు. మీరు నొక్కాల్సింది మధ్యవాళ్ళని.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

మిన్ క్యాష్ (అన్నిటికంటే చిన్న ప్రైజు) వస్తే లాభమేనట. 30,000 కట్టి, ఎగిరిపోయి, మళ్ళీ 30,000 కట్టి 55,000 తెచ్చుకున్నవాడు ఊళ్ళో స్వీట్లు పంచుతాడు. పైగా పేకాట గెలుపు మీద 30 శాతం పన్నుంది, రానుపోను ఖర్చులు మినహాయించరు. 2023 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌కి 10,043 ఎంట్రీలు, ప్రైజులు 1,507 మందికి. 10,000 డాలర్లు కట్టినవాడికి చివరి ప్రైజు 15,000. మొదటి ప్రైజు 1.21 కోట్ల డాలర్లు. డబ్బంతా పైనే ఉంది. ఇక రొయ్యల మేతకి తెచ్చిన అప్పు ఎంట్రీ కింద కట్టినవాడికి ఏ ఐసీఎమ్మూ పనికిరాదు, వాడు ముందు ఇంటికెళ్ళాలి.

ఏస్-ఏస్ ఎప్పుడూ పడేయకూడదట. మామూలు ఆటలో నిజమే. అందరికీ ఒకే ప్రైజు, అంటే పై టోర్నమెంట్ సీటు ఇచ్చే శాటిలైట్‌లో, పది సీట్లకి పదకొండుమంది మిగిలి, మీకు దండిగా చిప్స్ ఉండి, పెద్ద స్టాక్ మీ మీదికి ఆల్-ఇన్ వస్తే ఏసులు కూడా పడేయాలి. గెలిచినా రెండో సీటు ఇవ్వరుగా!

పోకర్ స్కిల్ గేమే కాబట్టి ఇంట్లో కూర్చుని ఫోన్‌లో డబ్బులకి ఆడొచ్చట. ఈ పుకారు ఎవరు పుట్టిస్తారో గానీ చావదు. పందెం కాసి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని మన ఆంధ్రప్రదేశ్ 2020లోనే గేమింగ్ చట్టం కిందికి తెచ్చింది. 2025లో వచ్చిన కేంద్ర చట్టం స్కిలా, లక్కా అని చూడకుండా డబ్బు ఆటలన్నిటినీ ఆన్‌లైన్‌లో నిషేధించింది. రమ్మీ ప్రధానంగా స్కిల్ ఆటే అన్న 1967 నాటి సుప్రీంకోర్టు తీర్పు వాట్సాప్‌లో పంపే పెద్దలకి కూడా జవాబు ఆ కేంద్ర చట్టమే.

బబుల్ పగిలాక ఊపిరి పీల్చుకోవచ్చట. పగిలిన మరుక్షణం బిగబట్టుకుని కూర్చున్న షార్ట్ స్టాకులన్నీ ఏదో ఒక ముక్క పట్టుకుని షవ్ చేస్తాయి. అంతసేపూ మీరు పడేసిన ఏస్-టెన్‌తో వాళ్ళని కాల్ చేయాల్సింది అప్పుడు. మనవాళ్ళు సరిగ్గా ఆ టైముకి ఇంటికి ఫోన్ చేయడానికి లేస్తారు.