కనిపించని ఉకారం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

ఇంగ్లీషువారు “నేను చల్లగా ఉన్నాను” అన్నట్టు చెప్పేచోట మనం “నాకు చలిగా ఉంది” అని ఎందుకంటామని అడిగారు. మీ ప్రశ్న చదవగానే నాకు ఐస్లాండ్ గుర్తుకొచ్చింది. అక్కడివారు “మ్యేర్ ఎర్ కల్త్” అంటారు. “మ్యేర్” అంటే నాకు, “ఎర్” అంటే ఉంది, “కల్త్” అంటే చల్లగా. మనకూ వారికీ భాషాబంధుత్వం ఏమీ లేకపోయినా, చలి మనిషి చేసే పని కాదు, మనిషికి కలిగే అనుభవమని రెండు భాషలూ విభక్తితోనే చెబుతున్నాయి.

ఐస్లాండిక్, ఫారో దీవుల ఫారోయీజ్, రెండూ ఉత్తర ఐరోపాలో పూర్వం మాట్లాడిన పాత నార్స్ భాష నుంచి వచ్చినవే. “చల్లని” అనే విశేషణాన్ని పుంలింగంలో రెండింటా “కల్దుర్” అని, నపుంసకంలో “కల్త్” అని రాస్తారు. స్త్రీలింగంలో మాత్రం అకారం పోయి, “ఎ” అనబోతూ పెదవులను “ఒ”కు చుట్టినట్టు పలికే అచ్చు వస్తుంది. దానికి ఐస్లాండిక్‌లో సున్నాలాంటి అక్షరం మీద రెండు చుక్కలు పెడతారు, ఫారోయీజ్‌లో ఆ సున్నాకు అడ్డంగా గీత గీస్తారు.

ఈ అచ్చు ఎందుకు మారిందో తెలియాలంటే మన “మనిషి”ని చూడండి. బహువచనంలో “మనిషిలు” అనం, “మనుషులు” అంటాం, ఎందుకంటే “లు”లోని ఉకారం తన ముందున్న ఇకారాలను తనవైపు లాక్కుంటుంది. పూర్వం ఆ స్త్రీలింగ రూపం “కల్దు”. చివరి ఉకారం ముందున్న అకారాన్ని అలాగే మార్చి, తర్వాత తాను రాలిపోయింది. అది పోయి వెయ్యేళ్లు దాటినా, అది మార్చిన అచ్చు మాత్రం నేటికీ నిలిచి ఉంది. నన్ను ఎప్పటికీ ఆశ్చర్యపరిచే సంగతి ఇదే.

మరి “కల్దుర్”లో ఉకారం కళ్లెదుటే ఉంది కదా, అక్కడ అకారం ఎందుకు మారలేదని మీరు తప్పక అడుగుతారు. పాత నార్స్‌లో ఆ మాట “కల్ద్ర్”. చివరి హల్లులను పలకడం కష్టమై, నోటికి సులువు కోసం వాటి మధ్య ఉకారం వచ్చి చేరింది. అది వచ్చేనాటికి అచ్చులను మార్చే ఆ పాత ఉచ్చారణ మార్పు ముగిసిపోయింది కనుక, అకారం అకారంగానే మిగిలింది.

మీ తాతయ్య